నేరం గాలి మీద మోపి

తుపాను వెళ్లిపోయాక గాలి ఎంత వేగంతో వీచిందో మనం తడుముకోకుండా చెబుతాం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన సంగతి దివిసీమలో పెద్దవాళ్లను ఎవరినడిగినా ఆ రోజు శనివారమని చెబుతారు. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటిందని, సముద్రం అయిదారు మీటర్ల ఎత్తున లేచిందని, మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి ఊళ్లను ఈడ్చుకుపోయిందని చెబుతారు. ఎంతమంది పోయారని అడిగితే మాత్రం మాట తడబడుతుంది. ప్రభుత్వ లెక్క 10 వేల దగ్గర ఆగింది. 14 వేలన్న వాళ్లున్నారు. అంతకు ఎన్నో రెట్లన్న వాళ్లూ ఉన్నారు.

శవాలు సముద్రంలో కలిసిపోయాయి, లెక్క ఎలా తేలుతుంది అని ఇన్నేళ్లూ సర్దుకున్నాం. అందులో నిజం లేకపోలేదు. కానీ పోయినవాళ్లను లెక్కపెట్టడానికి శవాలే అక్కర్లేదు, పోకముందు ఎవరెవరున్నారో తెలిస్తే చాలు. అదే మనకు తెలియదు. పాలకాయతిప్ప, హంసలదీవి, సొర్లగొంది, మూలపాలెం వైపు గుడిసెల్లో ఆ రాత్రి ఎందరు తలదాచుకున్నారో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కూలికి వచ్చి పొలం గట్టున పాక వేసుకున్నవాళ్లు, పశువుల వెంట వచ్చినవాళ్లు, ఏటి పాయల్లో చేపలు పట్టుకు బతికే యానాదులు, వీళ్లలో చాలామంది ఏ ఇంటి చుట్టాలూ కారు, ఏ కరణం లెక్కలోనూ లేరు. వాళ్లకివ్వాల్సిన కూలి లెక్క మన ఇళ్లలో పైసలతో సహా ఉండేది. మనుషుల లెక్కే లేదు.

ఈ రాతలో మనం అంటే ఎవరో ముందే చెప్పుకోవడం మంచిది. డెల్టా నీళ్లు తాగి పెరిగినవాళ్లం. ఎకరమో పదెకరాలో పేరు మీద పెట్టుకుని, కౌలుకిచ్చి, బెజవాడలోనో హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటున్నవాళ్లం. ఊళ్లోనే ఉండి చెరువులు లీజుకు తీసుకున్నవాళ్లం. బడిలో పాఠం చెప్పినవాళ్లం, పత్రికకు వార్త పంపినవాళ్లం, ఫైలు మీద సంతకం పెట్టినవాళ్లం. ప్రభుత్వాన్ని ఈ వరసలో విడిగా చేర్చలేదు. ప్రభుత్వం అనగానే ఎదుటివాడొకడు దొరికాడని మన ప్రాణం తేలికపడుతుంది. ఆ తేలిక ఈసారికి వద్దు. మండలాఫీసులో కూర్చున్నదీ మన బావమరిదే, కట్ట పని కాంట్రాక్టుకు పట్టిందీ మన పిన్ని కొడుకే.

1977లో మనకు తెలియదు కదా అన్నది మన మొదటి సమాధానం. ఇది పూర్తిగా అబద్ధమని అనలేం. పూర్తిగా నిజమని కూడా అనలేం. 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది పోయారని మన తాతలకు తెలుసు. అంతకు ముందే 1789లోనూ 1839లోనూ కోరంగిని సముద్రం తుడిచిపెట్టిందనీ తెలుసు. ఇవన్నీ పాతకాలపు కథలనుకున్నా, 1969 పాతకాలం కాదు. ఆ ఒక్క ఏడాదిలోనే మేలో ఒకటి, నవంబరులో ఒకటి, రెండు తుపానులు ఆంధ్ర తీరాన్ని కొట్టాయి. వాటి తర్వాత కేంద్రం ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు వాతావరణ శాఖ అధిపతిగా ఉన్న మన తెలుగువాడు పి. కోటేశ్వరం. తీరంలో ఏం చెయ్యాలో ఆ కమిటీ 1971 నాటికే రాసి ఇచ్చింది. ఆ సిఫార్సుల ఫలితంగానే 1974లో విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం వచ్చింది.

అంటే హెచ్చరించడానికి ఒక ఆఫీసు వచ్చింది. ఆ హెచ్చరిక విన్న మనిషి ఎక్కడికి పోవాలి అన్నది మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. ఎందుకుండిపోయిందని మనలో అడిగినవాళ్లు తక్కువ. కాలువకు నీళ్లు ఆలస్యమైతే ఇంజనీరు ఆఫీసు ముందు కూర్చునే మనం, ఊళ్లోకి సముద్రం వస్తే ఎక్కడ నిలబడాలని ఏ ఆఫీసు ముందూ కూర్చోలేదు. అవసరం రాలేదనుకున్నాం. ఊళ్లో డాబా ఇల్లు ఉన్నవాళ్లం కదా, నిజంగానే మనకు అవసరం రాలేదు.

రేడియోలో కబురు వచ్చింది. రేడియో ఉన్న ఇళ్లు కొన్నే. ఆ కొన్ని ఇళ్ల అరుగుల దగ్గరే కబురు ఆగింది. గాలీ వానా వస్తాయనుకున్నారు గాని, సముద్రమే లేచి వస్తుందని ఎవరూ అనుకోలేదని ఇప్పటికీ చెబుతారు. నమ్మాల్సిన మాటే. ఆ రాత్రి తలుపు తీసి, దొరికినవాళ్లను దొరికినట్టు డాబా మీదికి లాగి బతికించిన గృహస్థులున్నారు. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ గాలి పెరుగుతోందని తెలిసిన ఆ పగలే, గట్టు మీద పాకలదాకా నడిచి వెళ్లి, పిల్లల్ని తీసుకుని మా ఇంటికి రండి అని పిలిచినవాళ్లం ఎంతమందిమి? నీళ్లు వచ్చాక కులం చూడలేదని గర్వంగా చెప్పుకుంటాం. నీళ్లు రాకముందు చూశామన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

ఆ తర్వాత మనం చేసింది తక్కువేమీ కాదు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లోకి వస్తే, ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి వేశారు. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు ఆ సీమను మళ్లీ నిలబెట్టడానికే తన రోజులు వెచ్చించారు. రామకృష్ణ మిషన్ లాంటి సంస్థలు ఊళ్లకు ఊళ్లే కట్టించాయి. మదర్ థెరెసా వచ్చారు. దేశం నలుమూలల నుంచీ బియ్యం, దుప్పట్లు, మందులు వచ్చాయి. ఇవ్వడంలో మన చెయ్యి పెద్దదే. పోయాక ఇచ్చేటప్పుడు పెద్దది. పోకముందు, ఎవరూ చూడనప్పుడు, ఫొటో లేనప్పుడు, అదే చెయ్యి ముడుచుకుంటుంది. తూము తలుపుకు గ్రీజు పెట్టడానికి ఎవరూ జోలె పట్టరు, పట్టినా మనం వెయ్యం.

ఇంతవరకూ చెప్పినదానికి క్షమాపణ దొరుకుతుందేమో. పేదరికం, దూరం, రోడ్లు లేకపోవడం, ఫోన్లు లేకపోవడం, ఇవన్నీ సాక్ష్యం చెబుతాయి. మనల్ని నిజంగా బోనులో నిలబెట్టేది 1977 కాదు. 1990.

1990 మే 9న కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే మరో తుపాను తీరం దాటింది. 1977 నాటి దానితో పోల్చదగిన తుపానే అది. ఈసారి మనకు ఉపగ్రహ చిత్రాలున్నాయి, హెచ్చరిక నేరుగా తీరప్రాంత ఆఫీసులకు అందించే పరికరాలున్నాయి, పదమూడేళ్లలో కట్టుకున్న తుపాను షెల్టర్లున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, భయం ఇంకా ఆరిపోలేదు. ఉప్పెనలో తల్లినో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, వెళ్లమంటే వెళ్లారు. 6 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. అప్పటికీ 967 మంది చనిపోయారు. ఒక్కరు పోయినా తక్కువ కాదు. కానీ 10 వేలెక్కడ, 967 ఎక్కడ?

ఆ అంకెను మనం విజయంగా రాసుకున్నాం. రాసుకోవాల్సిందే. అయితే దానికి ఇంకో అర్థం ఉందని అప్పుడు తట్టలేదు, లేదా తట్టనివ్వలేదు. ఎలా కాపాడాలో మనకు తెలుసని, మనవల్ల అవుతుందని ఆ రోజు రుజువైపోయింది. ఇక ఆ తర్వాత తీరంలో పోయే ప్రతి ప్రాణానికీ, ప్రతి పంటకూ తెలియదన్న మాట చెల్లదు. 1990 తర్వాత మన చేతుల్లోంచి జారిపోయినవన్నీ తెలిసి వదిలినవే.

ఎలా వదిలాం? ఒక్కసారిగా కాదు. ఎవరూ ఒక పూట కూర్చుని ఊరిని సముద్రానికి ఒప్పగిద్దామని తీర్మానించలేదు. చిన్న చిన్న సౌకర్యాలు, ఒక్కొక్కటీ ఆ పూటకు న్యాయంగానే కనిపించినవి.

మొదట షెల్టర్లు. స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ గట్టి భవనం ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఖాళీగా ఉంటే మనసొప్పలేదు. బడి పెట్టుకుంటే మంచిదే కదా అన్నాం. మంచిదే, ఆ ఆలోచన తప్పు కాదు, వాడకంలో ఉన్న భవనమే నిలుస్తుంది కూడా. కానీ బడి వేరేచోటికి వెళ్లాక ఎరువు బస్తాలు వచ్చాయి. తర్వాత వలలు, మేత బస్తాలు, మేకలు. తాళం ఒకరి దగ్గరకు చేరింది. ఆయన మనవాడే కాబట్టి అడగలేదు. ఉప్పుగాలికి స్లాబు పెచ్చులూడి ఇనప చువ్వలు బయటపడ్డాయి. ఏడాదికోసారి చిప్పింగు చేసి సిమెంటు పూసుంటే నిలిచేది. పంచాయతీ డబ్బుతో ఏం చేద్దామన్నప్పుడు సిమెంటు రోడ్డు అన్నాం, ఆర్చి అన్నాం, విగ్రహం చుట్టూ గ్రిల్లు అన్నాం. షెల్టరు మరమ్మతు అన్న గొంతు ఒకటో రెండో లేచే ఉంటుంది, మనమే కలవలేదు.

షెల్టరు గురించి ఇంకో సంగతి ఉంది, అది మనం పైకి చెప్పుకోం. హెచ్చరిక వచ్చినా చాలా ఇళ్లవాళ్లం వెళ్లం. ఇల్లు వదిలితే దొంగలు పడతారంటాం, గేదెను ఎవరు చూస్తారంటాం. అవి కారణాలే. కానీ ఆ ఒక్క హాలులో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలన్నది కూడా కారణమే. పేటవాళ్లు ముందే వచ్చి కూర్చుంటే మనం గుమ్మం దగ్గర ఆగాం, మనం ముందు వెళ్తే వాళ్లు మెట్ల కిందే ఆగారు. ఆగమని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాని ఊళ్లను మనమే కట్టుకున్నాం.

తర్వాత కరకట్ట, తూములు. డెల్టా పల్లపు నేల. వాన నీరు మురుగు కాలువల్లోంచి సముద్రంలోకి పోవాలి, పోటు వేళ సముద్రపు నీరు ఆ కాలువల్లోకి ఎదురు రాకూడదు. అందుకు చివర తూము, తూముకు తలుపులు. ఎంతో తెలివిగా ఏర్పాటు చేసిన పని. ఉప్పునీళ్లు కావలసిన చెరువులు వచ్చాక ఆ తలుపు మనకే అడ్డమైంది. రాత్రిపూట ఎత్తి ఉంచాం. కట్ట కింద నుంచి గొట్టం వేశాం. వేసినవాడిని ఊరంతా ఎరుగుదుం. పక్క పొలం వరి ఎర్రబడితే ఆ రైతు వచ్చి మొత్తుకున్నాడు. పెద్దమనుషులం కూర్చుని, అతనికి ఆ ఏటికి ఎంతో కొంత ఇప్పించి, గొట్టం అలాగే ఉండనిచ్చాం. రెండేళ్లకు అతనూ ఆ పొలం చెరువుకే ఇచ్చేశాడు. తీర్పు బాగుందనుకున్నాం. కట్టలో పడిన బొక్క గురించి ఆ పంచాయతీలో ఒక్క మాటా రాలేదు, ఎందుకంటే కట్ట తరఫున ఎవరూ రాలేదు.

కాలువ పూడు తీయకపోతే ముందు మునిగేది చివరి ఆయకట్టు. అక్కడ మన పొలాలు తక్కువ. గుర్రపుడెక్క పేరుకుపోయినా, గట్టు మీద మన పాకలు, దుకాణాలు జరిగి జరిగి కాలువ సగమైపోయినా, మన వీధికి నీళ్లు రానంతవరకూ అది వార్త కాలేదు. కాలువ పూడిక గురించి పత్రికలో రాసిన విలేకరులున్నారు. జిల్లా పేజీలో ఒక మూల వచ్చేది. పేజీ తిప్పేసినవాళ్లం మనమే.

మడ అడవి సంగతి మరీ కష్టం, ఎందుకంటే అక్కడ మన అన్నం ఉంది. టైగర్ రొయ్య వచ్చిన కొత్తలో ఎకరం చెరువు మీద వచ్చిన రాబడి పదెకరాల వరి మీద కూడా కళ్లజూడలేదు. ఆ డబ్బుతోనే పిల్లలు ఇంజనీరింగు చదివారు, పెంకుటిళ్లు డాబాలయ్యాయి. దాన్ని పాపపు సొమ్మని ఇప్పుడు అనడం సులువు, అన్యాయం కూడా. చెరువులన్నీ మడ నరికి తవ్వినవి కావు, ఎక్కువ భాగం వరి పొలాలే. 1989లోనే కృష్ణ ముఖద్వారపు మడ అడవిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, అందుకే అంతైనా మిగిలింది. కానీ అభయారణ్యపు హద్దు ఎక్కడో సరిగ్గా తెలియకపోవడం మనకు కలిసొచ్చింది. తెలుసుకుందామని ఎవరమూ సర్వేయరును పిలవలేదు. ఎకరం ఇటు, అరెకరం అటు. మడ చెట్టు వేళ్లు ఊపిరి పీల్చుకోవడానికి పోటూ పాటూ వచ్చిపోవాలి. చుట్టూ గట్టు వేస్తే గొడ్డలి పెట్టకుండానే చస్తుంది. అలా చచ్చినదాన్ని మనం నరకలేదు అని ప్రమాణం కూడా చెయ్యగలం.

మడ ఏం చేస్తుందో మనకు చెప్పనివాళ్లు లేరు. 1999లో ఒడిశాను పెను తుపాను కొట్టాక, కేంద్రపడా జిల్లా పల్లెలను పరిశీలించినవాళ్లు ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్నచోట చావులు తక్కువని తేల్చారు. మన తీరంలో సముద్రం మీద బతికే బెస్తపల్లెల ముసలివాళ్లను అడిగితే ఆ మాట ఎప్పుడో చెప్పేవారు. అడగలేదు.

1996లో జరిగింది చూస్తే మనం ఎంత మొండివాళ్లమో తెలుస్తుంది. ఆ నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను కొట్టింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇంకా ఎందరో వేటకు వెళ్లి జాడలేకుండా పోయారు. కొబ్బరి తోటలు నేలకొరిగాయి. చిన్న తుపాను, త్వరగా బలపడింది, అందుకే ఇలా అయిందన్నారు. అది ఒక కారణం. పోయినవాళ్లలో గోదావరి ముఖద్వారాల దగ్గర లంకల్లో, ఇసుక తిన్నెల మీద పాకలు వేసుకుని రొయ్య పిల్లలు పట్టేవాళ్లున్నారు. ఆ పిల్లలు ఎవరి చెరువుల కోసం? 1977లో కోత కూలీలను లెక్కపెట్టని మనం, 1996లో రొయ్య పిల్లలను మాత్రం వెయ్యికింత అని జాగ్రత్తగా లెక్కపెట్టి కొన్నాం. పట్టి తెచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటున్నారో ఈసారీ అడగలేదు.

నెల తిరిగాక, డిసెంబరు 11న, తీర నియంత్రణ ప్రాంతంలో వాణిజ్య రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోనసీమలో అప్పటికి ఇంకా కూలిన కొబ్బరి చెట్లు తీయడం కూడా పూర్తికాలేదు. ఆ తీర్పును మనం ఎలా చదివాం? ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మన బతుకు ఏం తెలుసు అని. ఉద్యోగాలు పోతాయన్నాం, డాలర్లు పోతాయన్నాం. తెల్ల మచ్చ తెగులు అప్పటికే చెరువులను ఊడ్చేస్తున్నా, తీర్పే మనల్ని ముంచినట్టు మాట్లాడాం. 2005లో కొత్త చట్టంతో చెరువులకు దారి దొరికింది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చింది. తీరంలో ఎంత అడవి, ఎంత చెరువు, ఎంత ఊరు ఉంటే అందరం బతుకుతామని మనలో మనం కూర్చుని మాట్లాడుకోవలసిన మాట మాత్రం ఆ తీర్పుతో పాటే పక్కకు పోయింది.

ఇప్పుడు తుపానుకు జనం చావడం చాలా తగ్గింది. ఎక్కడ దాటుతుందో రెండు మూడు రోజుల ముందే చెబుతున్నారు, ఫోన్లు మోగుతున్నాయి, బస్సులు పెట్టి తరలిస్తున్నారు. ఇది నిజమైన మేలు, పనిచేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ మేలు మనల్ని ఇంకో విధంగా బద్ధకస్తులను చేసింది. ప్రాణనష్టం లేదట అన్న వార్త వినగానే మిగతా నష్టమంతా మనకు నష్టంలా అనిపించడం మానేసింది. టీవీ కట్టేస్తాం.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల కాలం. కోసి పనలు వేసిన చేలు నీళ్లలో తేలాయి, నిలబడ్డ చేలు పడిపోయాయి, పడిన కంకుల్లోనే గింజలు మొలకెత్తాయి. తేమ 17 శాతం దాటితే ధాన్యం కొనరు, రంగు మారితే మిల్లరు ధర తెగ్గోస్తాడు. రోడ్ల మీద ధాన్యం ఆరబోసుకుని రాత్రుళ్లు కాపలా కాసినవాళ్లలో పొలం యజమానులం ఎందరం? కృష్ణా, గుంటూరు, గోదావరి డెల్టాల్లో నేల దున్నేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువని అందరికీ తెలిసిన మాట. పెట్టుబడి వాళ్లది, అప్పు వాళ్లది, నష్టం వాళ్లది. పాసు పుస్తకం మనది.

పరిహారం పాసు పుస్తకాన్ని చూసి వస్తుంది. కౌలు రైతు పేరు లెక్కలోకి రావడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల పత్రం, భూమి మీద ఏ హక్కూ పుట్టదని అందులోనే రాశారు. కావలసింది యజమాని సంతకం. పెట్టలేదు. అందరం కాదు, పెట్టినవాళ్లున్నారు. కానీ మన ఇళ్లలో ఆ కాగితం వచ్చినప్పుడు ఏం జరిగిందో మనకు తెలుసు. ఈసారికి ఆగు, అబ్బాయి అమెరికా నుంచి వచ్చాక చూద్దాం అన్నాం. భూమి పోతుందన్న భయం ఒకటి చెప్పుకున్నాం. చెప్పుకోని కారణం వేరే ఉంది. అదే పొలం మీద పంట రుణం మన పేరున బ్యాంకులో ఉంది. సంతకం పెడితే ఆ తక్కువ వడ్డీ మనది కాకుండా పోతుంది, రేపు తుపాను వస్తే పరిహారం కూడా.

పరిహారం ఖాతాలో పడ్డాక కౌలు రైతుకు పంపినవాళ్లున్నారు. సగం పంపినవాళ్లున్నారు. కౌలు బస్తాల్లో తగ్గించుకో అని ఉదారంగా అన్నవాళ్లున్నారు. ఏమీ అననివాళ్లూ ఉన్నారు, ఫోను చెయ్యడానికి అతనికి మొహమాటం కాబట్టి. డబ్బు చిన్నదే కావచ్చు. కానీ తుపాను మన పొలం మీది నుంచి పోయినప్పుడు మనకు మిగిలిందీ అతనికి పోయిందీ చూస్తే, ఆ తుపాను వల్ల మనం కాస్త లాభపడ్డామని ఒప్పుకోవాలి. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రాదు. కానీ ఇది అబద్ధమని చెప్పగలిగిన యజమాని ఎవరైనా తన ఖాతా తీసి చూసుకున్నాక చెప్పాలి.

ఇదంతా ఎవరో దుర్మార్గులు చేసిన పని అయితే ఎంత బాగుండేది. వెతికితే అలాంటివాళ్లు ఒకరిద్దరు దొరుకుతారు కూడా. కానీ ఒకరిద్దరు ఒక తీరాన్ని పాడుచెయ్యలేరు. దానికి మనలాంటి మంచివాళ్లు వేలల్లో కావాలి. పొరుగువాడితో గొడవెందుకని గొట్టం చూసి చూడనట్టు పోయినవాళ్లు, మనవాడేనని తాళం అడగనివాళ్లు, పిల్లవాడి ఫీజు గడువు దగ్గరపడిందని అరెకరం గట్టు జరిపినవాళ్లు. ఒక్కొక్కరికీ ఆ రోజు ఒక కారణం ఉంది. ఆ కారణాలను విడివిడిగా వింటే ఎవరినీ శిక్షించలేం. అన్నిటినీ ఒకచోట పోస్తే దివిసీమ మళ్లీ మునుగుతుంది.

ఏటా నవంబరు 19న ఉప్పెన మృతులకు నివాళులర్పిస్తాం. ఆ పూట ప్రసంగాల్లో గాలి ఉంటుంది, సముద్రం ఉంటుంది, విధి ఉంటుంది. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందని ఆ వేదిక మీద అడిగితే సభ మర్యాద చెడుతుంది. అందుకని అడగం.

2020లో మన సముద్రాల చుట్టుపక్కల ఉన్న 13 దేశాలు కలిసి, రాబోయే తుపానుల కోసం 169 పేర్లు ముందే రాసిపెట్టుకున్నాయి. ఇంకా పుట్టని గాలికి పేరుంది. ప్రతి తీర గ్రామంలోనూ ఇలాంటి జాబితా ఇంకొకటి ఉండాలి. కట్ట దిగువన పాకల్లో ఎవరున్నారు, చెరువుల మీద కాపలాకు ఏ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు పడుకుంటున్నారు, మంచం దిగలేని ముసలివాళ్లు ఏ ఇంట్లో ఉన్నారు, నెలలు నిండినవాళ్లెవరు, ఏ పొలం ఎవరు దున్నుతున్నారు. ఇందుకు ఉపగ్రహం అక్కర్లేదు. నలుగురు చదువుకున్న పిల్లలు, ఒక నోటుపుస్తకం, నాలుగు రోజులు చాలు. తుపానుల కాలానికి ముందొకసారి తిరగరాసుకుంటే సరిపోతుంది.

ఇంత చిన్న పని ఇన్నేళ్లలో ఎందుకు చెయ్యలేదన్నదానికి మరిచిపోయాం అన్నది జవాబు కాదు. మన పొలంలో పాక వేసుకున్నవాడి పేరు పుస్తకంలో రాస్తే, గాలి లేచిన రోజు వాడిని తీసుకురావలసింది మనమే అవుతాం. దున్నేవాడి పేరు రాస్తే పరిహారం వాడికే పోతుంది. చెరువు మీద పనివాడి పేరు రాస్తే వాడికేమైనా అయితే ఎవరో ఒకరు మనల్ని అడుగుతారు. 1977లోనూ 1996లోనూ ఆ పేర్లు లేకపోవడం మనకు ఖర్చు తగ్గించింది, ఇప్పుడూ తగ్గిస్తోంది. అది మనకు తెలుసు. తెలిసే రాసుకోలేదు.